పెట్టెకు జవాబు చెప్పిన రెతాంగ్

సుంబా దీవిలో పెద్దమనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, మాట్లాడించుకుంటారు. పెళ్ళి మాటలకు పిల్లవాడి వైపు వాళ్ళు ఒక చాప మీద, పిల్ల వైపు వాళ్ళు ఎదురు చాప మీద కూర్చుంటారు. మధ్యన ఎడం ఎంతంటే, ఇటువాళ్ళు వక్క నమిలి ఉమ్మితే అటువాళ్ళ కాలి మీద పడేంత. అయినా ఇటు పెద్ద తన మాటను నేరుగా అటు విసరడు. తన వునాంగ్ చెవిలో వేస్తాడు. వునాంగ్ అంటే మాట మోసేవాడు. అతను లేచి ఆ మాటను జంట పాదాలుగా కట్టి, రాగం తీసి, అటు వునాంగ్‌కు అప్పగిస్తాడు. జవాబు కూడా అదే దారిన, అంతే తీరుబాటుగా తిరిగి వస్తుంది. ఈలోపు కోడి ఉడుకుతుంది. తొందరున్నవాడు సుంబాలో పుట్టడు.

ప్రాయ్ మరాపా ఊరికి వునాంగ్ రెతాంగ్. బక్కమనిషి, ముందు పళ్ళు రెండు లేవు. అక్షరం ముక్క రాదు గానీ ఏడు తరాల పేర్లు ఊపిరి తీసుకోకుండా చెప్పేవాడు. అతని పేరు తీరం దాకా పాకింది ఒక దగ్గు వల్ల. ఒక పెళ్ళి మాటల్లో పిల్ల మేనమామకు వక్క గొంతులో అడ్డం పడింది. ముసలాయన కళ్ళు తేలేసి ఖళ్ళుఖళ్ళుమని దగ్గుతుంటే, రెతాంగ్ లేచి నిలబడి, "ఈ గొంతు వాకిలి మూసుకుంది, ఈ నాలుక గడప బిగుసుకుంది, గుర్రాల జత ఒకటి వస్తే గానీ వాకిలి తెరుచుకోదట, గడప వదులవదట" అని పాడాడు. అవతలివాళ్ళు తలలు గోక్కుని కన్యాశుల్కానికి ఇంకో రెండు గుర్రాలు కలిపారు. ముసలాయనకు సంగతి తెలిసేసరికి గుర్రాలు దొడ్లో ఉన్నాయి. దగ్గు మాత్రం తగ్గలేదు.

ఇంట్లో కూడా అతనికి ఆ అలవాటు పోయేది కాదు. పెళ్ళాం లోదాకు ఒళ్ళు మండేది.

"లోదా, పొయ్యి రాయి చల్లబడిందా, కుండ పెదవి ఆరిపోయిందా..."

"ఆకలేస్తోందా?"

"అదే అడగబోతున్నా."

"నువ్వు అడగబోయేసరికి కుక్క తినిపోతుంది. కూచో."

పని విషయంలో మాత్రం రెతాంగ్ దగ్గర హాస్యాలు చెల్లవు. తాతల నుంచి వచ్చిన కట్టు ఒకటుంది. ఒక గుమ్మానికి మాట పంపాక, అక్కడి నుంచి జవాబు వచ్చేదాకా అదే మాటతో ఇంకో గుమ్మం తట్టకూడదు. తడితే మొదటి ఇంటిని నమ్మలేదని తిట్టినట్టు. అలా ఒకసారి తొందరపడిన ఊరికి మూడు తరాల పాటు పిల్లనివ్వలేదు. మాట దారిలో ఉండగా ఆగడం ఎలాగో వునాంగ్‌కే తెలియాలి, ఊరిని ఆపడమూ అతని పనే.

దేశం ఆకాశంలోకి తన సొంత ఉపగ్రహాన్ని పంపిన మరుసటి ఏడు, ఊరి దొర ఉంబు దోముగారి వసారాలోకి టీవీ పెట్టె వచ్చింది. జీపులో తెచ్చి దింపినవాడు సుగెంగ్ అనే జావా మనిషి. వైంగాపు పట్నం బయట కొండ మీద ఆకాశం వైపు వెల్లకిలా తెరుచుకున్న పెద్ద ఇనుప గొడుగు ఉందే, అక్కడ ఉద్యోగం. మీసాలున్న నెమ్మదస్తుడు. కారు బ్యాటరీ తగిలించి, వెదురుగడకు తీగలు కట్టి, బొమ్మ రప్పించి, నుదుటి చెమట తుడుచుకున్నాడు.

రెతాంగ్ అతని పక్కన చేరాడు. "బాబూ, ఈ మాట ఎక్కణ్ణుంచి వస్తోంది?"

"జకార్తా నుంచి, పెద్దాయనా. అక్కడ మాట్లాడితే పైనున్న యంత్రం పట్టుకుని కిందికి వదుల్తుంది. సముద్రాలన్నీ దాటేస్తుంది."

"అది సొంతంగా ఏమీ కలపదా?"

"కలపదు. విన్నది విన్నట్టే."

రెతాంగ్ ముఖం వెలిగింది. "అయితే అదీ వునాంగే! మరి మన మాట?"

సుగెంగ్ జీపు వైపు చూశాడు. దారిలో రెండు వాగులున్నాయి, పొద్దు వాలుతోంది. "మనదీ పోతుంది. కొండ మీద గొడుగు ఉన్నది దానికేగా. పోతుంది, వస్తుంది" అన్నాడు. అబద్ధం కాదు. గొడుగు కింద టెలిఫోను ఆఫీసు ఉంది, మాటలు పోతున్నాయి, వస్తున్నాయి. ఈ పెట్టె మాత్రం అక్కడి మాట ఇక్కడ వినిపించడమే తప్ప ఇక్కడి మాట అక్కడికి మోయలేదు. ఆ సంగతి వేరే చెప్పాలని అతనికి తోచలేదు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. మొక్కజొన్న మోకాలెత్తున నిలబడి ఎండింది. ఆశ్వయుజం వెళ్ళేసరికి ఊరు అడవి దుంపకు దిగింది. ఇవీ అంటారు దాన్ని. విషపు దుంప. పలచగా తరిగి, బుట్టలో పోసి, మూడు రోజులు పారే నీళ్ళలో ఉంచితే విషం పోతుంది. కరువుకు తాతలు తిన్న తిండే. కానీ తాతల నాడు ఏరు పారేది. ఈ ఏడు ఏరులో రాళ్ళు మిగిలాయి. ఆడవాళ్ళు కోసెడు దూరం పోయి తెచ్చిన నీళ్ళను కుండలో పోసి, దుంప నానబెట్టి, పారబోయడానికి ప్రాణం ఒప్పక మళ్ళీ అవే నీళ్ళు వాడేవారు. తిన్నవాళ్ళకు కళ్ళు తిరిగేవి. పిల్లలు గోడ పట్టుకుని నడిచేవాళ్ళు.

ఇలాంటప్పుడు గుర్రాలు, నేసిన దుప్పట్లు తీసుకుని తీరం వైపు చుట్టాల ఊళ్ళకు తిండి అడగడానికి పోవడం రివాజు. ఉంబు దోము పదకొండు గుర్రాలను కట్టించాడు. తెల్లవారితే ప్రయాణం. సరిగ్గా ఆ సాయంత్రమే పెట్టెలో కళ్ళజోడు పెట్టుకున్న జకార్తా అధికారి ఒకాయన కనిపించి, చేతులు జోడించి అన్నాడు: "దూర దీవుల్లో ఉన్న నా తోబుట్టువులారా! మీకేం లోటు? చెప్పండి. మేం వింటున్నాం."

వసారాలో నూటయాభై మంది ఉన్నారు. బజారు మలయా భాష రెతాంగ్‌కు వచ్చు. విన్నది విన్నట్టు జంట పాదాల్లో ఊరికి వినిపించాడు. జనం గుసగుసలాడారు.

"అడిగాడంటే చెప్పొద్దూ?" అంది ఒక ముసలమ్మ.

"చెప్పకపోతే మర్యాదేనా?" అన్నాడు ఉంబు దోము. "లే, రెతాంగ్."

రెతాంగ్ లేచాడు. భుజం మీది దుప్పటి సర్దుకున్నాడు. తన వక్కల సంచి తీసి పెట్టె ముందు పెట్టాడు. చుట్టానికి ముందు వక్క, తర్వాతే మాట. గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు:

"కంకి ఉంది, గింజ లేదు, పొట్ట ఉంది, పాలు లేవు. ఏరు రాయిని చూపిస్తోంది, ఒళ్ళు ఎముకను చూపిస్తోంది. విషం కడగడానికి నీళ్ళు లేవు, నీళ్ళు తేవడానికి కాళ్ళు లేవు..."

అంత మంచి మాట అతను జన్మలో చెప్పలేదని ఇప్పటికీ అంటారు. కళ్ళజోడు ఆయన మాత్రం మధ్యలో అడ్డొస్తూనే ఉన్నాడు. రెండుసార్లు ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. రెతాంగ్ మర్యాదకు ఆగి, ఆయన్ను కానిచ్చి, మళ్ళీ అందుకున్నాడు. చివరి పాదం పూర్తయ్యేసరికి ఆయన నవ్వి తలూపాడు.

"తలూపాడు!" అని ఊరంతా ఒక్క అరుపు.

తర్వాత పెట్టెలో ఇద్దరు మనుషులు వల మీదుగా ఈకల బంతిని కొట్టుకోసాగారు. రెతాంగ్ బావమరిది కహీ లాంజు కూడా వునాంగే, పక్క ఊరివాడు. చుట్టపు చూపుగా వచ్చి ఒక మూల కూర్చుని ఉన్నాడు. "బావా, ఇదేనా జవాబు?" అన్నాడు.

"జవాబుకు ముందు ఆటలు పెట్టారు" అన్నాడు రెతాంగ్, తల తిప్పకుండా. "పెద్ద ఇల్లు. ఆచారాలుంటాయి."

ఆట అయ్యేదాకా దుప్పటి భుజం మీంచి దించకుండా నిలబడే ఉన్నాడు.

తెల్లారి గుర్రాలు కట్టి ఉన్నాయి. రెతాంగ్ వాటికి అడ్డం వెళ్ళాడు. "దొరా, మాట దారిలో ఉంది. ఆయన తలూపాడు. ఇప్పుడు చుట్టాల గుమ్మం తడితే పెద్ద గుమ్మం మూసుకుంటుంది."

"ఎన్నాళ్ళు ఆగుదాం?"

"మాట వెళ్ళింది గుర్రం మీద కాదు, ఆకాశం మీద. ఎంతసేపు?"

పెద్దలందరికీ నిజమే అనిపించింది. కట్టు అది. గుర్రాల జీనులు విప్పేశారు. ఒక్క లోదా మాత్రం దుంప తరుగుతూ గొణిగింది. "తలూపితే కడుపు నిండుతుందా? మా మేక కూడా ఊపుతుంది."

వారం గడిచింది. రెండోది గడిచింది. రోజూ సాయంత్రం రెతాంగ్ ముందు వరుసలో కూర్చుని వార్తలు మొత్తం వినేవాడు. ఆనకట్ట ప్రారంభం. విదేశీ అతిథి. ఎరువుల బస్తాలు. ప్రాయ్ మరాపా పేరు రాలేదు. మూడో వారం బ్యాటరీ చచ్చింది, బొమ్మ చుక్కై ఆరిపోయింది. ఆ చుక్క వైపు కూడా అతను చాలాసేపు చూశాడట. అప్పటికి ఊళ్ళో ఇద్దరు ముసలివాళ్ళు, ఒక పాలు తాగే పిల్ల పోయారు.

లోదా దుంప కడగడానికి తన వంతు వచ్చిన మంచి నీళ్ళు కోడలికి ఇచ్చేది. కోడలు నిండు నెలలు. తనది సగం నానినదే వండుకునేది.

"తల తిరుగుతోందా?" అని అడిగాడు రెతాంగ్ ఒక రోజు. జంట పాదం లేదు, రాగం లేదు. లోదా భయపడింది.

"ఊళ్ళో ఎవరికి తిరగట్లేదు? నువ్వు పో. పట్నం పోయి ఆ మీసాల మనిషిని అడిగిరా. జవాబు కొండ మీద ఇరుక్కుపోయిందేమో."

రెండు రోజుల నడక. గొడుగు కింద గదిలో సుగెంగ్ అన్నం తింటున్నాడు. గుమ్మంలో రెతాంగ్‌ను చూసి గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. మనిషి అంత తగ్గిపోయాడు. సగం అన్నం అతని వైపు జరిపాడు.

"మా మాటకు జవాబు వచ్చిందా, బాబూ?"

"ఏ మాట?"

రెతాంగ్ చెప్పాడు. అధికారి అడగడం, తను చెప్పడం, ఆయన తలూపడం, అన్నీ. సుగెంగ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నవ్వు వచ్చింది పాపం. వచ్చిన నవ్వు మీసాల దగ్గరే ఆగిపోయింది.

"పెద్దాయనా... ఆ పెట్టె మన మాట వినదు. మనకు వినిపించడమే దాని పని. ఆయనకు మీరు వినపడలేదు. ఎవరికీ వినపడలేదు."

"తలూపాడే?"

"ఆయన జకార్తాలో, ఎప్పుడో తీసిన బొమ్మలో తలూపాడు."

"నూటయాభై మంది చూశారు" అన్నాడు రెతాంగ్. అతనికి ముందు తోచింది సిగ్గే. ఆకలి తర్వాత. మనిషి అంతే.

సుగెంగ్ చేయి కడుక్కుని లేచాడు. "రండి. నిజంగా మాట పోయే యంత్రం లోపలుంది. అవతలి దీవిలో కుపాంగ్ పట్నం ఉందిగా, అక్కడి ప్రభుత్వ కార్యాలయానికి కలుపుతా. మూడు నిమిషాలు. మూడే. నేరుగా సంగతి చెప్పండి, సరేనా? తిండి, ఊరి పేరు, అంతే."

టెలిఫోను చేతికిచ్చాడు. రెతాంగ్ దాన్ని అటూ ఇటూ తిప్పి, ముందు వక్కల సంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"హలో, ఎవరండీ?" అంది అవతలి గొంతు.

"ఉన్నారా పెద్ద ఇంటివారు, మేలుకునే ఉన్నారా గడప కావలివారు?"

నిశ్శబ్దం. ఆకాశం దాకా పోయి రావాలి కదా, ప్రతి మాటకూ ఒక గుక్కెడు ఆలస్యం. రెతాంగ్‌కు ఆ ఆలస్యం నచ్చింది. ఎదుటివాడు తొందరపడి జవాబివ్వడం లేదంటే గొప్ప వునాంగ్ అయి ఉండాలి.

"హలో? ఆఁ, ఉన్నాం. చెప్పండి."

"ఉన్నారంటే సంతోషం, విన్నారంటే సంబరం. కొబ్బరి చెట్ల దీవిలో మీ ఇల్లు చల్లగా ఉండాలి..."

"హలో? మీరు ఎక్కడ..."

ఇద్దరి మాటలూ ఢీకొన్నాయి. రెతాంగ్ మర్యాదకు ఆగాడు. అటువైపు మనిషీ ఆగాడు.

"తిండి గురించి చెప్పండి!" అని సుగెంగ్ పక్కనుంచి చేతులు ఊపుతున్నాడు. "ఒక నిమిషం అయిపోయింది!"

రెతాంగ్ కళ్ళతోనే కసిరాడు. దీవెన పూర్తి కాకుండా కడుపు మాట ఎత్తేవాణ్ణి బిచ్చగాడంటారు, వునాంగ్ అనరు. ఊరి పరువు అతని గొంతులో ఉంది. ఈసారి నిజంగా వింటున్నారు. ఊరి పేరు చెప్పాడు, తరాల పేర్లు చెప్పాడు, ఏడింటినీ. దేశానికి దీవెన చెప్పాడు. పైనున్న యంత్రానికి కూడా ఒక జంట పాదం చెప్పాడు. అవతలి మనిషి "సంతోషం, సంతోషం" అంటున్నాడు. "రెండున్నర!" అని సుగెంగ్ అరిచాడు. రెతాంగ్ గొంతు తగ్గించాడు. అసలు మాటకు ముందు గొంతు తగ్గించాలి.

"ఇక మా వాకిలి సంగతి. కంకి ఉంది..."

టక్కుమంది. తర్వాత చెవిలో ఒట్టి హోరు.

"మళ్ళీ కలుపు బాబూ."

సుగెంగ్ గంటసేపు ప్రయత్నించాడు. ఆ రోజు దారులన్నీ వేరే పనుల మీద ఉన్నాయి. మర్నాడు ఆదివారం, కుపాంగ్‌లో ఎవరూ ఎత్తలేదు. సుగెంగ్ తన జీపులో ఇంట్లో ఉన్న బియ్యం మూట వేసి అతన్ని ఊరి పొలిమేర దాకా దింపాడు. దిగేటప్పుడు సుగెంగ్, "ఆ రోజే సరిగ్గా చెప్పుండాల్సింది" అన్నాడు. రెతాంగ్ బియ్యం మూట భుజానికెత్తుకున్నాడు.

వసారాలో ఊరంతా చాపల మీద కూర్చుని ఉంది, తెచ్చిన జవాబు వినడానికి. రెతాంగ్ నిలబడి జరిగింది చెప్పాడు. పెట్టె సంగతి చెప్పేటప్పుడు ఎవరో కుర్రది కిసుక్కుమంది. పక్కామె మోచేత్తో పొడిచింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది. ఉంబు దోము లేచి, "గుర్రాలు కట్టండి" అన్నాడు.

ఆలస్యంగా పోయినవాళ్ళకు ఆలస్యంగానే దొరుకుతుంది. తీరం చుట్టాలు అప్పటికే తొమ్మిది ఊళ్ళకు పెట్టి ఉన్నారు. పదకొండు గుర్రాలతో పోతే నాలుగు బస్తాల మొక్కజొన్న వచ్చింది. అది వచ్చిన రోజుకు లోదా పోయి మూడు రోజులు. సుగెంగ్ ఇచ్చిన బియ్యం ఆమె నోట పెడితే దిగలేదు. "కోడలికి పెట్టు" అంది. అదే ఆఖరి మాట. ఆమె చెప్పినట్టే చేశారు.

సుంబాలో మనిషి పోయిన వెంటనే పూడ్చరు. దుప్పట్లలో చుట్టి, ఇంటి మూల కూర్చోబెట్టి, దున్నలూ చుట్టాలూ సమకూరేదాకా రోజూ కంచం పెడతారు. లోదా అలా మూలన కూర్చుని ఉండగానే కుపాంగ్ నుంచి జాబు వచ్చింది, ముద్రతో సహా. బడి పంతులు తిమోతియుస్ దాన్ని వసారాలో చదివాడు. "తమరు టెలిఫోను ద్వారా తెలియజేసిన శుభాకాంక్షలు అందినవి. దీవివాసుల సంతోషంలో ఈ కార్యాలయం పాలుపంచుకుంటున్నది."

"ఇదేం జవాబు?" అన్నాడు ఉంబు దోము.

"జవాబే, దొరా" అన్నాడు కహీ లాంజు. అక్క లోదా కోసం వచ్చి ఉన్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మనకు కావలసినదానికి కాదు. మా బావ చెప్పినదానికి."

అందరూ రెతాంగ్ వైపు చూడకుండా ఉండటానికి ఎక్కడెక్కడో చూశారు.

"జవాబొచ్చింది కాబట్టి కట్టు తీరింది. ఇంకో మాట పంపొచ్చు" అన్నాడు ఉంబు దోము. "రెతాంగ్, ఈసారి..."

"పంతులుగారిని రాయమనండి, దొరా."

తిమోతియుస్ అక్కడే మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాడు. ఉమ్మి తడి ఆరేంతసేపు పట్టలేదు. కలం మూత పెట్టేశాడు.

"అయిపోయిందా?" అన్నాడు రెతాంగ్.

"అయిపోయింది."

"చదవండి."

"'ప్రాయ్ మరాపాలో తిండి లేదు, నీళ్ళు లేవు. ఏడుగురు చనిపోయారు. మొక్కజొన్న పంపండి.'"

"ఇంతేనా?"

"ఇంతే, పెద్దాయనా."

రెతాంగ్ పెదవులు కదిపి చూసుకున్నాడు. టెలిఫోనులో చెబితే ఎంతసేపు పడుతుందో లెక్క కట్టుకున్నాడు కాబోలు. ఒకసారి చూసుకున్నాడు, రెండోసారి చూసుకున్నాడు.

"ఇందులో లోదా పేరు లేదే."

"ఏడుగురిలో ఉంది."

"ఎక్కడ?"

పంతులు కాగితం ముందుకు పెట్టాడు. రెతాంగ్ వంగి, చాలా జాగ్రత్తగా, వేలు ఒకచోట ఆనించాడు. అది తారీఖు. పంతులు ఆ వేలిని పట్టుకుని, కింది వరుసకు జరిపి, అక్కడ పెట్టాడు.